ఆదివారం పొద్దున్న మూడు గంటలు

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఆదివారం ఎవరికి సెలవు చెప్పండి? ఆఫీసులకు సెలవు, బళ్ళకు సెలవు, బ్యాంకులకు సెలవు. వంటింటికి మాత్రం ఆ రోజే పని రెట్టింపు. మిగతా ఆరు రోజులూ ఎనిమిదింటికల్లా క్యారియర్లు సర్ది అందరినీ పంపించేస్తే, కాసేపైనా కాళ్ళు బారజాపుకుని కూర్చుంటాం. ఆదివారం ఆ అదృష్టం కూడా ఉండదు. ఒకరు ఏడింటికి లేస్తారు, ఒకరు తొమ్మిదింటికి, కాలేజీ పిల్లలైతే పదకొండింటికి. ఎవరు లేస్తే వాళ్ళకి పెనం మీంచి వేడి వేడిగా అట్టు పడాలి. ఆ తరవాత తలంట్లు, వారమంతా పోగుపడ్డ బట్టలు, మధ్యాహ్నం నలుగురు చుట్టాలు. సాయంత్రానికి, "ఇవాళ ఆదివారమే కదా, నువ్వు కాసేపు పడుకోలేకపోయావా?" అని అడిగే పుణ్యాత్ములు కూడా మన ఇళ్ళలో ఉంటారు.

అలాంటి ఆదివారంలోంచి పొద్దున్న మూడు గంటలు నాకోసం నేను తీసుకుంటున్నాను. రెండేళ్ళు దాటింది. ఆ మూడు గంటలూ ఏం చేస్తున్నానంటే, సైకిలు తొక్కుతున్నాను. ఒక్కదాన్నే కాదు. మా పేటలో ఒక సైకిలు క్లబ్బు ఉంది. ఆదివారం తెల్లవారుజామున ఇరవై మందిమి, ఒక్కోసారి ముప్పై మందిమి కలిసి బయలుదేరి, ముప్పై నలభై కిలోమీటర్లు తిరిగి, తొమ్మిది లోపల ఇళ్ళకు చేరుకుంటాం. ఈ రోజు మీతో ముచ్చటించదలచుకున్నది ఆ గుంపు సవారీల గురించే.

సైకిలు క్లబ్బు అనగానే మీ కళ్ళ ముందు ఏం కదులుతుందో నేను చెప్పగలను. వంటికి అతుక్కుపోయిన రంగురంగుల లాగులు, నల్ల కళ్ళద్దాలు, లక్ష రూపాయల సైకిళ్ళు, సాఫ్ట్‌వేరు కుర్రాళ్ళు. నేనూ అలాగే అనుకున్నాను. అలాంటివారు మా క్లబ్బులోనూ లేకపోలేదు. కాని వాళ్ళతోపాటు పెన్షను పుచ్చుకుంటున్న బ్యాంకు మేనేజరుగారున్నారు, ట్యూషన్లు చెప్పే పంతులమ్మ ఉంది, జాకెట్లు కుట్టే ఆవిడ ఉంది, మందుల దుకాణం నడిపే భార్యాభర్తలున్నారు, నేనున్నాను. నలభై దాటిన ఆడవాళ్ళం మొత్తం తొమ్మిదిమందిమి.

నేను చదువుకున్నది పదో తరగతి. మా ఊరికి హైస్కూలు మూడు కిలోమీటర్లు. మా అన్నయ్య సైకిలు మీద, బారు కిందనుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్నాను. 1996లో పదో తరగతి అయిపోయింది, దానితో సైకిలూ అయిపోయింది. "పెద్దపిల్లవి, ఇంకా సైకిలేమిటి?" అన్నారు. ఎవరూ కోప్పడి అనలేదు. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు అన్నంత మామూలుగా అన్నారు, నేనూ అంత మామూలుగానే విన్నాను. పెళ్ళయి హైదరాబాదు వచ్చాను. 2020లో ఊరంతా మూతబడినప్పుడు మా అబ్బాయి పోరు పెట్టి ఒక గేర్ల సైకిలు కొనిపించుకున్నాడు. మూడేళ్ళయ్యేసరికి వాడికి మోటారు సైకిలు వచ్చింది. సైకిలు బాల్కనీలో బట్టలారేసుకునే స్టాండయింది. దాని మీదనుంచి తడి తువ్వాళ్ళు తీసేసి, ట్యూబుల్లో గాలి కొట్టించి, అపార్టుమెంటు సెల్లారులో రాత్రి పదింటికి ఒక చుట్టు తిరిగి చూశాను. ఇరవై ఏడేళ్ళ తరవాత! కాళ్ళు మర్చిపోలేదు.

సరే, తొక్కడం వచ్చు. సైకిలుంది. మరి ఒక్కదాన్నే రోడ్డు మీదికి పోవచ్చు కదా, గుంపెందుకు? ఇదే అసలు సంగతి.

మగవాడు ఒంటరిగా తెల్లవారుజామున అయిదున్నరకి సైకిలు మీద పోతుంటే ఎవరూ తల తిప్పి చూడరు. పాలవాడనుకుంటారు, పేపరు కుర్రాడనుకుంటారు, వ్యాయామం అనుకుంటారు. ఆడది పోతుంటే చూసే చూపు వేరు. ఈ వేళప్పుడు ఎక్కడికి? ఏం పని మీద? మనం బయటికి వెళ్ళడానికి ఎప్పుడూ ఒక పని ఉండాలి, గమనించారా? కూరలకి, గుడికి, పిల్లల బడికి, బ్యాంకుకి. చేతిలో సంచీ లేకుండా మనం వీధిలో కనిపించడం అరుదు. నడకకు వెళ్ళడం ఇప్పుడిప్పుడే అలవాటైంది, అదీ డాక్టరు చెప్పాడన్న నెపం మీద. ఇరవై మంది వరుసగా, హెల్మెట్లు పెట్టుకుని, వెనక ఎర్రదీపాలు మినుకుమినుకుమంటూ పోతుంటే ఆ ప్రశ్న ఎవరికీ రాదు. కుక్కలకు తప్ప! తెల్లవారుజామున మా అసలు శత్రువులు వీధికుక్కలే. వాటికి ఒక మందు ఉంది. వేగం పెంచకూడదు, సైకిలు దిగి దాన్ని మనకీ కుక్కకీ మధ్య అడ్డం పెట్టుకుని నెమ్మదిగా నడవాలి. పరిగెత్తే చక్రాన్ని తరుముతాయి కాని, నడిచే మనిషి మీద వాటికంత ఆసక్తి ఉండదు.

గుంపులో తొక్కడానికి కొన్ని పద్ధతులున్నాయి. అవి నేర్చుకోకుండా మొదటి రోజు రోడ్డు ఎక్కనివ్వరు. ముందు ఒకరు దారి చూపుతూ వెళ్తారు. ముందు చక్రం ఎప్పుడూ ఎదుటివారి వెనక చక్రం పక్కకి పోకూడదు, తగిలితే పడేది వెనకవాళ్ళే. ఠక్కున బ్రేకు వేయకూడదు. గుంట కనిపిస్తే ముందువాళ్ళు చేత్తో కిందికి చూపించి "గుంట!" అని అరుస్తారు, ఆ మాట ఒకరినుంచి ఒకరికి చివరిదాకా వెళ్తుంది. వెనకనుంచి లారీ వస్తుంటే చివరివాళ్ళు "బండీ!" అని అరుస్తారు, ఆ మాట ముందుకి వెళ్తుంది. అప్పుడు అందరం ఒంటివరుస అవుతాం. నాకు ఈ అరుపులు మహా ఇష్టం. ఇంట్లో గొంతు పెంచితే "ఏమిటా అరుపు" అంటారు. ఇక్కడ అరవకపోతే తప్పు.

ముందున్న సైకిలు గాలిని చీల్చుకుంటూ పోతుంది కనుక వెనక దగ్గరగా వచ్చేవారికి శ్రమ తగ్గుతుందని అంటారు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోయేవాళ్ళకి పావువంతు పైగానే తగ్గుతుంది, నిజమే. మా 15 కిలోమీటర్ల వేగానికి అంత లాభం లేదు. ఎదురుగాలి రోజున మాత్రం నాకంటే భారీగా ఉన్న బ్యాంకు మేనేజరుగారి వెనక చేరిపోతాను. ఆయనకీ తెలుసు, ఏమీ అనరు.

అందరికంటే వెనక వచ్చేవారిని మా క్లబ్బులో "స్వీపరు" అంటారు. చీపురు పట్టుకుని ఊడ్చుకుంటూ వచ్చినట్టు, వెనకబడ్డవాళ్ళని పోగుచేసుకుంటూ రావడం ఆ మనిషి పని. ఎవరికైనా పంక్చరైతే ఆగాలి, ఎవరికైనా ఆయాసం వస్తే పక్కనే ఉండాలి. స్వీపరును దాటి ఎవరూ వెనకబడకూడదు, స్వీపరు రాకుండా గుంపు ఇళ్ళకు వెళ్ళకూడదు. ఇప్పుడు నెలలో రెండు ఆదివారాలు ఆ పని నాదే. ఇంట్లో అందరి వెనకా మిగిలిపోయిన పని ఎత్తేది మనమే కనుక ఆ పదవి నాకేమీ కొత్తగా అనిపించలేదు. తేడా ఒక్కటే, అక్కడ చివర వచ్చినదాని కోసం ఇరవై మంది ఆగి చూస్తుంటారు.

మొదట్లో ఇదంతా ఇంత సజావుగా లేదు. క్లబ్బు పెట్టింది మగవాళ్ళు, దారులు గీసింది వాళ్ళే. అయిదింటికి బయలుదేరాలనేవారు, డెబ్భై కిలోమీటర్లనేవారు, మధ్యలో ఒక్కసారి టీ కోసం ఆగేవారు. మేము నలుగురం చేరాక ఒక్కొక్కటే మార్పించుకున్నాం. వేసవిలో అయిదున్నర, చలికాలంలో ఆరుంబావు. మన ఊళ్ళో జూన్‌లో అయిదూ నలభైకల్లా సూర్యుడు వస్తే, జనవరిలో ఏడు కావస్తుంటే గాని రాడు. చీకట్లో బయలుదేరడం ఎవరికి గొప్ప? ఆ తరవాత నిదానంగా పోయే జట్టు ఒకటి వేరే పెట్టించాం. తమాషా ఏమిటంటే, ఆ జట్టులో ఇప్పుడు మగవాళ్ళే ఎక్కువమంది. ఇన్నాళ్ళూ పాపం నామోషీకి వేగంగా తొక్కినట్టున్నారు.

ఇంకో సంగతి ఉంది. చెప్పడానికి మొహమాటంగా ఉంటుంది. కాని మన కార్యక్రమంలో మనం చెప్పుకోకపోతే ఇంకెవరు చెప్తారు? మగవాళ్ళకి దారి పొడుగునా చెట్లే. మనకి? చేరిన కొత్తలో మా నలుగురిలో ఎవరమూ సీసాలో నీళ్ళు ముట్టేవాళ్ళం కాదు. ఎందుకో మీకు వివరించక్కర్లేదు. రైలు ప్రయాణంలో, బస్సు ప్రయాణంలో, పెళ్ళిళ్ళలో మనం పడే పాట్లే ఇవి. రెండు గంటలు చెమటోడ్చి, నీళ్ళు తాగకుండా ఉంటే తలనొప్పి, కళ్ళు తిరగడం, మూత్రంలో మంట, అన్నీ వస్తాయి. ఒక ఆదివారం మా పంతులమ్మకి నిజంగానే కళ్ళు తిరిగాయి. అప్పుడు జాకెట్లు కుట్టే ఆవిడ, మామూలుగా నోరు మెదపని మనిషి, అందరి ముందూ అంది: "అన్నా, మీ మ్యాపులో గుట్టలు చూపెడతరు, చెరువులు చూపెడతరు. ఆడోళ్ళు దిగే జాగ ఎక్కడో చూపెట్టుండ్రి." అంతే. ఆ వారంలోనే ఇద్దరు కుర్రాళ్ళు మోటారు సైకిలు మీద తిరిగి, ఏ పెట్రోలు బంకులో శుభ్రంగా ఉంటుంది, ఏ హోటలు పొద్దున్నే తీస్తారు అని రాసుకొచ్చారు. ఇప్పుడు గంటకొక చోట ఆగని దారి మా క్లబ్బులో లేదు. వాళ్ళు చెడ్డవాళ్ళై కాదు, వాళ్ళకి తట్టలేదు. మనం చెప్తే గాని తట్టదు.

ఎక్కడెక్కడికి వెళ్తాం అంటారా? మాకు ఎక్కువ అలవాటైన దారి గండిపేటది. మెహదీపట్నంలో కలుసుకుని, లంగర్‌హౌస్ దాటి, తారామతి బారాదరి పక్కనుంచి నార్సింగి మీదుగా చెరువుకు. 1908లో మూసీ వరద ఊరిని ముంచెత్తి వేలమందిని పొట్టన పెట్టుకున్నాక, మళ్ళీ అలాంటి ఉపద్రవం రాకుండా మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహా మీద కట్టిన జలాశయం అది. 1920లో పూర్తయింది. ఉస్మాన్ సాగర్ అసలు పేరు. పాతికేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటూ ఆ నీళ్ళు తాగుతున్నాను కాని, పొద్దున్న ఆరున్నరకి ఆ గట్టు పక్కన నిలబడి ఎండ నీళ్ళ మీదికి రావడం సైకిలు ఎక్కాకే చూశాను. అంతకుముందు వెళ్ళింది ఒక్కసారి, పిక్నిక్కుకి. ఆ రోజు నేను పులిహోర గిన్నె మూత తప్ప ఇంకేమీ చూడలేదు.

లారీలంటే భయపడేవాళ్ళకి, కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళకి ఔటర్ రింగు రోడ్డు పక్కన వేసిన సైకిలు దారి బాగుంటుంది. 2023 అక్టోబరులో తెరిచారు. మొత్తం 23 కిలోమీటర్లు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ వైపు ఒక ముక్క, నార్సింగి నుంచి కొల్లూరు వైపు ఒక ముక్క. పైన సూర్యశక్తితో కరెంటు తీసే పలకలు కప్పు లాగా పరిచారు. కరెంటు సంగతి ఏమోగాని, మనకి నీడ. ఔటర్ మీద కార్లూ లారీలూ రయ్యిమని పోతుంటే, పక్కన మన దారిలో ఒక్క మోటారు బండి కూడా ఉండదు. నేను మళ్ళీ రోడ్డెక్కింది ఆ దారి మీదే.

చేవెళ్ళ రోడ్డు గురించి కూడా చెప్పాలి. ఇరుపక్కలా వందలకొద్దీ పాత మర్రిచెట్లు, వేళ్ళాడే ఊడలు, పందిరి కింద పోతున్నట్టుంటుంది. హైదరాబాదు సైకిలువాళ్ళందరికీ ఆ దారంటే ప్రాణం. రోడ్డు వెడల్పు చేస్తే చెట్లు పోతాయని వ్యవహారం గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్ళిన సంగతి మీరు పేపర్లలో చూసే ఉంటారు. 2025 నవంబరులో ఆ దారిలోనే మీర్జాగూడ దగ్గర ఆర్టీసీ బస్సును కంకర టిప్పరు ఢీకొని ఎంతోమంది పోయారు. అంతకు చాలా ముందే మా నిదానం జట్టు ఆ రోడ్డు వద్దనుకుంది. క్లబ్బులో కుర్రాళ్ళు మమ్మల్ని పిరికివాళ్ళన్నారు. అననివ్వండి. చెట్ల అందం కోసం టిప్పర్ల పక్కన సైకిలు తొక్కమని నేను ఏ ఇల్లాలికీ చెప్పను. చూడాలనిపిస్తే కారులో వెళ్ళి, దిగి, నిలబడి చూసి వస్తాను.

మీలో కొందరికి, ఇది డబ్బున్న పట్నంవాళ్ళ సరదా అనిపించవచ్చు. ఈ సైకిలుకీ ఆడవాళ్ళకీ ఉన్న సంబంధం నిన్నా మొన్నటిది కాదు. ఇప్పుడు మనం తొక్కే ఆకారంలో, రెండు చక్రాలూ ఒకే ఎత్తులో, చైనుతో నడిచే సైకిలు 1885లో ఇంగ్లండులో స్టార్లీ అనే ఆయన తయారుచేశాడు. 1888లో డన్‌లప్ గాలి టైరు తెచ్చాడు. ఇంకో పదేళ్ళు తిరిగేసరికి అక్కడా అమెరికాలోనూ ఆడవాళ్ళు సైకిళ్ళెక్కేశారు. దానితో పెద్ద గోల. ఆడవాళ్ళు సైకిలు తొక్కితే ముఖం బిగుసుకుపోయి వికారంగా తయారవుతుందని డాక్టర్లే రాశారు, దానికి "సైకిలు ముఖం" అని ఒక జబ్బు పేరు కూడా పెట్టారు! ఓటుహక్కు కోసం పోరాడిన సూసన్ బి. ఆంథొనీ 1896లో, స్త్రీకి స్వేచ్ఛ ఇవ్వడంలో సైకిలు చేసినంత మేలు ప్రపంచంలో ఇంకేదీ చేయలేదన్నారు.

అంత దూరమెందుకు, మన పక్కనున్న తమిళదేశం చూడండి. పుదుక్కోట్టై జిల్లాలో 1991లో అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ అనే ఆవిడ, చదువుతోపాటు ఆడవాళ్ళకి సైకిలు నేర్పించడం కూడా అందులో చేర్పించారు. చదువు చెప్పే కార్యకర్తలు ఊరూరా తిరగాలంటే బస్సు కోసం పడిగాపులు పడక్కర్లేకుండా. కూలికెళ్ళేవాళ్ళు, క్వారీల్లో రాళ్ళు కొట్టేవాళ్ళు, నర్సులు, అంగన్‌వాడీవాళ్ళు, లక్షమందికి పైగా నేర్చుకున్నారు. పాలగుమ్మి సాయినాథ్‌గారు, మన వి.వి.గిరిగారి మనుమడు, వెళ్ళి చూసి వీళ్ళ గురించి రాశారు. ఆడవాళ్ళ సైకిళ్ళకి కొరత వస్తే మగవాళ్ళ సైకిళ్ళే తీసుకున్నారట. కొందరికి అదే నచ్చిందట కూడా, బారు మీద పిల్లని కూర్చోబెట్టుకోవచ్చని. కడవలు, గంపలు, పిల్లలు, అన్నీ సైకిలు మీదే. వాళ్ళని చూసి నవ్వినవాళ్ళు లేకపోలేదు, పాడు మాటలన్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు గుంపుగా ఉన్నారు కనుక ఆ మాటలు వాళ్ళని దింపలేకపోయాయి.

మా ఇంట్లో సంగతి అడుగుతారు మీరు, నాకు తెలుసు. మా అత్తగారికి డెబ్భై నాలుగేళ్ళు. మొదటి ఆదివారం ఆవిడ నాతో ఏమీ అనలేదు, మావారితో అన్నారు: "దీనికి ఈ వయసులో ఇదేం సరదారా?" మావారు పేపరులోంచి తల ఎత్తకుండా, "పోనీలే అమ్మా, నాలుగు వారాల ముచ్చట" అన్నారు. నాకు ఆవిడ మాటకంటే ఈయన మాటే ఎక్కువ గుచ్చుకుంది. నాలుగు వారాలు గడిచాయి, నలభై గడిచాయి. శనివారం రాత్రే ఇడ్లీపిండి రుబ్బి పెట్టి, పల్లీపచ్చడి చేసి పోతాను. రేకుల్లో పిండి పోసి పొయ్యి మీద పెట్టడం మావారికి నేర్పించడానికి మూడు ఆదివారాలు పట్టింది. మొదటిసారి కుక్కరు అడుగున నీళ్ళు పోయడం మరిచారు. ఇప్పుడు బాగానే చేస్తున్నారు. తొమ్మిదింటికి నేను వచ్చేసరికి అత్తగారు తినేసి ఉంటారు, నా వాటా హాట్‌ప్యాక్‌లో ఉంటుంది. ఒకరు చేసి పెట్టిన ఇడ్లీ ఎలా ఉంటుందో మీలో ఎంతమందికి గుర్తుంది?

అందరి ఇళ్ళూ ఇలా సర్దుకోవు. మాతో నాలుగు నెలలు వచ్చిన ఒక చెల్లెలుంది. ముప్పై ఎనిమిదేళ్ళు, మా అందరికంటే బాగా తొక్కేది. ఎత్తు ఎక్కేటప్పుడు సీటు మీదనుంచి లేవకుండా, ఆయాసం లేకుండా ఎక్కిపోయేది. ఒక ఆదివారం రాలేదు, తరవాతి ఆదివారమూ రాలేదు. మేము ముగ్గురం పసుపూ కుంకుమా నెపం పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాం. వాళ్ళాయన మర్యాదగానే కాఫీ ఇప్పించాడు. "మీరు చేసేది తప్పనను. మా ఇంట్లో మాత్రం ఆదివారం పొద్దున్న అందరం కలిసి ఉండాలి" అన్నాడు. అందరం కలిసి ఉండటం మంచిదే, ఎవరు కాదంటారు? ఆ ఇంట్లో అందరూ పడుకుని ఉండే వేళలో కదా ఆవిడ వెళ్ళి వచ్చేది! అది అడగాలని నోటిదాకా వచ్చింది. ఆవిడ నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. ఊరుకున్నాను. ఇప్పుడు రాత్రి పదకొండింటికి, గిన్నెలు కడిగాక, అపార్టుమెంటు సెల్లారులో కార్ల మధ్య చుట్లు తిరుగుతోందట. ఒక్కోరోజు నలభై చుట్లు. నాతో ఫోనులో చెప్పింది. ఆవిడ పేరు మా జాబితాలోంచి తీసేయలేదు. ప్రతి శనివారం రాత్రి అందరికీ వెళ్ళే సందేశం ఆవిడకీ వెళ్తుంది: ఎన్నింటికి, ఎక్కడ, ఏ దారి.

ఇక మొదలుపెట్టాలనుకునేవారికి నాలుగు మాటలు. అసలు రానివాళ్ళు వయసు మించిపోయిందని అనుకోవద్దు. పెద్దవాళ్ళు నేర్చుకోవడానికి సులువైన ఉపాయం ఉంది. పెడళ్ళు రెండూ విప్పించేసి, సీటు కిందికి దింపించి, రెండు పాదాలూ నేలకు ఆనేలా కూర్చుని, నేలను తన్నుకుంటూ ముందుకి పోవాలి. సమతూకం ఒంటపట్టాక పెడళ్ళు మళ్ళీ బిగించుకోవచ్చు. మా మందుల దుకాణం ఆవిడ నలభై ఆరో ఏట ఇలాగే బడి మైదానంలో అయిదు రోజుల్లో నేర్చుకున్నారు. తొక్కడం వచ్చినవాళ్ళు మాత్రం సీటు ఎత్తు చూసుకోండి. పెడలు కిందికి వెళ్ళినప్పుడు కాలు దాదాపు చాపుకోవాలి, మోకాలు కొంచెమే వంగి ఉండాలి. మనలో చాలామంది భయం కొద్దీ సీటు మరీ దింపేసుకుని, మోకాళ్ళు నొప్పులని సైకిలు మానేస్తారు. సరిగ్గా కూర్చుంటే మన బరువు సీటు మోస్తుంది కనుక మోకాళ్ళకి నడకకంటే సైకిలే సుఖం. అయితే ఎముకలు గట్టిపడాలంటే ఒంటి బరువు కాళ్ళ మీద పడాలి, అందుకు నడక ఉండాల్సిందే. ఒకటి చేస్తున్నామని రెండోది మానకూడదు. వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్ళు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఒళ్ళు కదిలించడమంటే గదులు ఊడ్చేస్తున్నాంగా అనకండి, నేనూ ఆ మాట అని చూశాను, మా డాక్టరమ్మ ఒప్పుకోలేదు.

చీర కట్టుకుని చైను కవరున్న లేడీస్ సైకిలు మీద దగ్గర దూరాలు పోవచ్చు, మా అమ్మమ్మల కాలంలో నర్సమ్మలు వెళ్ళేవారు. ఇలా గంటలకొద్దీ తొక్కడానికి మాత్రం పంజాబీ డ్రెస్సే నయం. చున్నీ ఇంట్లో వదిలేయండి. వదిలేయలేకపోతే నడుముకి గట్టిగా ముడేయండి. చక్రంలో చుట్టుకుంటే మెడకి ప్రమాదం. హెల్మెట్టు, ముందు తెల్లదీపం, వెనక ఎర్రదీపం, ఈ మూడింట్లో పొదుపు పనికిరాదు. సైకిలు మీద పొదుపు చేసుకోవచ్చు. గేర్లు లేని మామూలు లేడీస్ సైకిలు పది వేల లోపే వస్తుంది. 2025 సెప్టెంబరులో సైకిళ్ళ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు కూడా. అసలు కొనే ముందు మీ బాల్కనీలోనూ, మేడ మీదా, చుట్టాల ఇళ్ళలోనూ ఒకసారి వెతకండి. పిల్లలు వదిలేసిన సైకిలు ఏదో ఒకటి దొరుకుతుంది. ట్యూబులు మార్చి, బ్రేకు రబ్బర్లు వేయించి, చైనుకి నూనె పెట్టిస్తే సరి. పంక్చరు వేసుకోవడం కూడా నేర్చుకోండి. గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషను రాసి, ఆరనిచ్చి, ప్యాచీ అతికించడం అప్పడాలు ఒత్తడంకంటే కష్టం కాదు.

క్లబ్బులు మన ఊళ్ళో చాలా ఉన్నాయి, మీ పేటలోనూ ఉండి ఉంటుంది. చేరే ముందు రెండే ప్రశ్నలు అడగండి: వెనకబడ్డవాళ్ళ కోసం ఎవరు ఆగుతారు? దారిలో ఆడవాళ్ళకి ఎక్కడ ఆపుతారు? ఈ రెండింటికీ తడుముకోకుండా జవాబు చెప్పిన గుంపుతో నిశ్చింతగా వెళ్ళవచ్చు.

వచ్చే ఆదివారం మావాళ్ళు గండిపేటకి వెళ్తున్నారు. స్వీపరు పని నాది. సెలవు.